వసంతకాలపు మంచు వాలులపై మూడు రోజుల శిక్షణ: నా సమీక్ష

ఎత్తైన పర్వతాల్లో లిఫ్టులూ గస్తీ సిబ్బందీ లేని వాలులపై స్కీయింగ్ చేసేవారి కోసం ఒక గైడ్ల బృందం నిర్వహించిన ఈ శిక్షణలో, నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది తెల్లవారుజామున నాలుగు గంటలకు బస గుమ్మం ముందు జరిగిన పది నిమిషాల పాఠం. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది కాబట్టి, గాలి ఉష్ణోగ్రత సున్నా కంటే కాస్త ఎక్కువగా ఉన్నా ఉపరితలం గడ్డకట్టగలదని, మబ్బు కమ్మితే ఆ వేడి బయటికి పోలేదని గైడ్ మొదటి రోజే వివరించారు. ఆ ఉదయం బూటు మడమతో తన్నితే మంచు టక్కుమని మోగింది. మరుసటి రాత్రి మబ్బు పట్టింది. ఉష్ణమాపినిలో అంకె దాదాపు అదే ఉన్నా, అదే చోట నా కాలు పిక్క వరకు దిగబడిపోయింది. ఆ రోజు వెళ్లాలనుకున్న నిటారైన వాలును గైడ్ అక్కడికక్కడే రద్దుచేసి, తక్కువ వాలున్న మైదానాల వైపు తీసుకెళ్లారు. కొందరు నిరాశపడ్డారు గానీ, నా దృష్టిలో ఈ శిక్షణ గొప్పతనం ఆ నిర్ణయంలోనే ఉంది.

శీతాకాలపు అలవాట్లతో వచ్చినవారికి వసంతం కొత్త లెక్క నేర్పుతుంది. ఉత్తరార్ధగోళంలో ఎండ ముందుగా తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, చివరికి పడమరను తాకుతుంది కాబట్టి, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం కూడా అదే వరుసలో కదులుతుంది. కరిగిన నీరు కిందికి ఇంకి, ఏదో ఒక గట్టి పొర మీద నిలిచిపోతే, దాని పైనున్న మంచు పలకలా విడిపోయి జారే అవకాశం ఉంది. మొదటి రోజు మేము శిఖరానికి ఇంకా గంట దూరంలో ఉండగా, పైనున్న బండల దగ్గర నుంచి చక్రాల్లా చుట్టుకుంటూ చిన్న మంచు ఉండలు దొర్లసాగాయి. గైడ్ మమ్మల్ని ఆపి, తలా ఒక పిడికెడు మంచు తీసుకుని పిండమన్నారు. నా చేతిలో అది ఉండ కట్టడమే కాక, వేళ్ల సందుల్లోంచి నీరు కారింది. అప్పుడు సమయం పదిన్నర కూడా కాలేదు. అయినా అక్కడి నుంచే వెనుదిరిగాం. ముందుగా అనుకున్న గడియారపు వేళను బట్టి కాక, చేతిలోని మంచును బట్టి తిరుగు ప్రయాణం నిర్ణయించాలన్న మాట ఎన్నోసార్లు విన్నాను గానీ, చేతి తొడుగు తడిసిన ఆ క్షణంలోనే నాకు అది నిజంగా అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. ఒక గైడ్‌కు ఎనిమిది మంది అభ్యాసకులు ఎక్కువే. వాలు కోణం కొలవడం అందరికీ సరిగా అందలేదు. పలకలా విడిపోయి జారే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరుచుకుపడతాయి కాబట్టి, ఇది తొందరగా ముగించదగిన పాఠం కాదు. మంచులో కూరుకుపోయినవారిని వెలికితీసే అభ్యాసానికి చివరి మధ్యాహ్నం గంటసేపే కేటాయించారు. పూర్తిగా కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి 10–15 నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. పైగా తడి మంచు ఆగిన వెంటనే బిగుసుకుపోయి, పారకు సులభంగా లొంగదు. కనీసం ఒక పూట మొత్తం తవ్వకానికే ఇవ్వవలసింది.

అద్దెకిచ్చిన ట్రాన్సీవర్లలో (మంచులో కూరుకుపోయినవారిని కనిపెట్టేందుకు ఒంటిపై ధరించే రేడియో పరికరాలు) ఒకదాని బ్యాటరీ బాగా తగ్గిపోయి ఉందని బయలుదేరే ముందు తనిఖీలో తేలింది. వెంటనే మార్చారు, కానీ అది మాకు అందకముందే గమనించవలసిన విషయం. ఏ సంస్థ తయారుచేసినా ఈ పరికరాలన్నీ 457 కిలోహెర్ట్జ్‌పైనే పనిచేస్తాయి కాబట్టి, చేరదలచినవారు తమకు అలవాటైన ట్రాన్సీవర్‌ను కొత్త బ్యాటరీలతో వెంట తెచ్చుకోవడం మంచిది. వచ్చే వసంతంలో నేను మళ్లీ చేరుతున్నాను. ఈసారి ఒక గైడ్‌కు నలుగురే ఉండే బృందంలో చోటు ఇవ్వమని అడిగాను.