మోతల ఫొటోలకు ఏది మేలు: ఫోనా, ఆల్బమా, అతికించిన పుస్తకమా?

చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌కు లోటుండదు. లోటల్లా ఇల్లు మారిన రోజు ఫొటోలకే. కుట్టి యానై (ఇక్కడ టాటా ఏస్ చిన్న లారీని పిలిచే పేరు) లోకి బీరువా ఎక్కించడం, నెల్లూరు నుంచి పినాకినిలో వచ్చిన అమ్మమ్మ సెంట్రల్ స్టేషన్‌లో ఆవకాయ జాడీని కూలీకి ఇవ్వకుండా తనే చంకనెత్తుకోవడం, 25 కిలోల బియ్యం బస్తాతో మామయ్య మూడో అంతస్తుకు ఎక్కడం. ఇలాంటి మోతల ఫొటోలు, అంటే బరువులు మోస్తున్నప్పటివి, అందరి ఫోన్లలోనూ ఉంటాయి. ప్రింటు తీయించేవాళ్లు మాత్రం అరుదు. కొందరైనా ఇప్పుడు తీయించి దాచాలనుకుంటున్నారు కాబట్టి ఎక్కడ దాచాలన్న ప్రశ్న వస్తుంది. ఫోన్‌లోనే ఉంచాలా, కవర్ల ఆల్బమ్‌లో పెట్టాలా, స్క్రాప్‌బుక్‌లో అతికించాలా, ఫొటోబుక్ అచ్చు వేయించాలా?

నా కొలబద్ద ఒక్కటే. మోత ఫొటోకు ప్రాణం మోతలో ఏముందో చెప్పే మాటలో ఉంటుంది. పెళ్లి ఫొటోకు వివరణ అక్కర్లేదు, పట్టుచీరే చెప్పేస్తుంది. గోనెసంచి నెత్తిన పెట్టుకున్న మనిషి ఫొటో పదేళ్ల తర్వాత చూస్తే, అందులో ఉన్నది వడ్లా, పుస్తకాలా, అమ్మేసిన కొట్టులోని ఆఖరి సరుకా అన్నది ఎవరికీ గుర్తుండదు. మనిషి ముఖం కూడా సరిగా కనపడదు, వీపో, వంగిన మెడో, బస్తా వెనక సగం మొహమో కనిపిస్తుంది. అందుకని ఫొటోను, దాని కబురును కలిపి ఉంచేది ఏదో అదే మేలు. ఈ ఊరి తేమకూ వరదకూ తట్టుకోవడం ఆ తర్వాతి లెక్క.

ఈ ఊరికి మోతల బొమ్మలు కొత్త కాదు. రేవు కట్టకముందు ఓడల నుంచి సరుకునూ మనుషులనూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు, కొబ్బరి తాడుతో పలకలు కుట్టి చేసినవి. పాత మద్రాసు పిక్చర్ పోస్టుకార్డుల్లో ఆ పడవలూ, కట్టుమరాలూ కనిపిస్తాయి. మెరీనాలో 1959లో పెట్టిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పం సంగతి సరేసరి, నలుగురు మనుషులు ఒక బండరాయిని కదిలిస్తుంటారు. మనవాళ్లు దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటారు గానీ, ఇంటికొచ్చి అదే భంగిమలో ఫ్రిజ్ జరుపుతున్న తమ్ముడి ఫొటోను డిలీట్ చేస్తారు!

ముందు ఫోన్ సంగతి. తేదీ, సమయం, లొకేషన్ ఆన్ చేసి ఉంటే చోటు, ఇవన్నీ ఫొటోతోపాటే రాసుకోవడం దాని పెద్ద గుణం. 2019 వేసవి తీసుకోండి. జూన్‌కు చెన్నై చెరువులు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్లు మోసుకొచ్చింది. ఆ నెలల్లో ట్యాంకర్ దగ్గర రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరస ఫొటో తీయని ఇల్లుండదు. ఫోన్‌లో తేదీ వెతికితే అవి క్షణంలో దొరుకుతాయి. కాగితం ఆల్బమ్‌లో ఆ సుఖం లేదు.

కానీ ఫోన్‌కు ముఖాలంటేనే ప్రీతి. గ్యాలరీ యాప్‌లు మనుషులను ముఖ్యంగా ముఖాన్ని బట్టే గుంపులు కడతాయి. బిందె చంకనెత్తుకుని అటు తిరిగి నడిచే అమ్మ చాలాసార్లు ఆ గుంపులో చేరదు. ‘ఈ రోజు జ్ఞాపకాలు’ అంటూ అది చూపించేవాటిలో కేకు కోసిన ఫొటోలే ఎక్కువ. పైగా 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎంతైనా దాచుకునే వీలు పోయింది. మెయిల్, డ్రైవ్ అన్నిటికీ కలిపి 15 జీబీయే. చోటు నిండితే ఇంట్లో ముందు పోయేవి ఇలాంటి ‘అనవసరం’ ఫొటోలే. ఇంకో చిక్కు, మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటో చిన్నదైపోతుంది, దాంట్లోని తేదీ, చోటు వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది. ఫొటో కింద వివరణ రాసే సౌకర్యం ఫోన్‌లోనూ ఉంది. వాడేవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కవర్ల ఆల్బమ్ మన అమ్మలకు అలవాటైన దారి. నాలుగు బై ఆరు ప్రింట్లు తీయించి దూర్చేయడమే, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. కొనేటప్పుడు కవరు వాసన చూడండి. కొత్త రెక్సిన్ సీటులా ఘాటుగా వాసన వస్తే అది పీవీసీ అయ్యుండొచ్చు, కాలం గడిచేకొద్దీ ఫొటోను చెరుపుతుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నది తీసుకోవాలి. 70లు, 80ల నాటి జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన ప్లాస్టిక్ పొర లేపి ఫొటో అతికించేవి, ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ జిగురు పసుపు తిరిగి ఫొటోను పట్టేసుకుంటుంది. గోటితో పీకితే చిరుగుతుంది. పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనకగా మెల్లగా లాగితే చాలామటుకు ఊడి వస్తుంది. రాకపోతే బలవంతం వద్దు, ఉన్నచోటే స్కాన్ తీయించుకోవడం నయం.

ఆల్బమ్‌కైనా స్క్రాప్‌బుక్‌కైనా ప్రింటు దగ్గర ఒక మోసం ఉంది. అది మోతల ఫొటోలకే ఎక్కువ తగులుతుంది. ఫోన్ ఫొటో సాధారణంగా 4:3 కొలత. నాలుగు బై ఆరు కాగితం 3:2. ల్యాబ్ మెషిన్ కాగితం నిండాలని ఫొటోను కోసేస్తుంది. అడ్డంగా తీసిన ఫొటోలో పైనా కిందా పోతాయి, అంటే నెత్తి మీది మూటా, నేల మీది పాదాలూ. నిలువుగా తీసినదాంట్లో పక్కలు పోతాయి, అంటే కావడి రెండు కొసలూ. మిగిలేది మధ్యలో ఒక మనిషి, ఏం చేస్తున్నాడో తెలియదు. కొట్టులో ‘కోయకండి, తెల్ల అంచు వదిలి ఫొటో మొత్తం వేయండి’ అని ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్ల తప్పేం కాదు, మెషిన్ అలాగే పెట్టి ఉంటుంది.

ఇక స్క్రాప్‌బుక్. నా ఓటు దీనికే, ఎందుకంటే ఇక్కడ మాట రాయడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. ఫొటో పక్కనే లారీ ఆఫీసు రసీదు, బియ్యం సంచి మీది బ్రాండు బొమ్మ కత్తిరించిన ముక్క, రైలు టికెట్టు, బీరువాకు కట్టిన తాడు కొస, ఏదైనా అతికించొచ్చు. మీ తాతగారికి కొత్వాల్ చావడిలో కూరగాయల మండీ ఉండేదనుకోండి. 1996లో హోల్‌సేల్ మార్కెట్ కోయంబేడుకు మారింది. జార్జ్‌టౌన్ ఇరుకు సందులో చేతిబండి ఉన్న నలుపు తెలుపు ఫొటో ఎడమ పేజీలో, కోయంబేడులో లారీ నుంచి ఉల్లి బస్తాలు దింపుతున్న నిన్నమొన్నటి ఫొటో కుడి పేజీలో పెడితే, రెండు తరాలు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఫోన్‌లో ఈ రెండిటి మధ్యా వేల ఫొటోలు అడ్డం.

చిక్కులు లేకపోలేదు. మూల మీద కొట్లో దొరికే నల్ల చార్టు చవకే గానీ అందులో ఆమ్లం ఉండొచ్చు, దాంతో కాగితం పెళుసవుతుంది, ఫొటో మరకలు పడుతుంది. జార్జ్‌టౌన్‌లో ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధి కాగితాల కొట్లలో యాసిడ్ ఫ్రీ అని అడిగి చూడండి. ధర ఎక్కువైతే పుస్తకమంతా కాకపోయినా ఫొటో కింద పరిచే కాగితమైనా అదే వాడండి. ఫెవికాల్ తడికి కాగితం ముడతలు పడుతుంది. సెల్లో టేపు కొన్నేళ్లకు పచ్చబడి జిడ్డు వదులుతుంది. ఫొటో మూలలు పట్టే చిన్న కాగితపు త్రికోణాలు అన్నిటికన్నా మేలు, ఎప్పుడైనా ఫొటో బయటికి తీసుకోవచ్చు. రసీదుల్లో థర్మల్ కాగితం మీదివి, అంటే సూపర్‌మార్కెట్, కొరియర్ బిల్లుల్లాంటివి, కొన్నాళ్లకు తెల్లబోతాయి. వాటికి జిరాక్స్ తీసి అదే అతికించాలి. పాత ఫొటో ఒక్కటే కాపీ ఉంటే దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ అతికించొద్దు. స్కాన్ తీయించి కాపీని అతికించి, అసలుది కవరులో దాచండి.

పక్కన ఏం రాయాలి? ‘మధుర క్షణాలు’ అని స్టిక్కర్ అంటించినంత మాత్రాన ఏమీ తెలియదు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత బరువు, ఎవరు పట్టారు, ఎవరు పక్కన నిలబడి సలహాలు మాత్రం ఇచ్చారు (ప్రతి ఇంట్లో ఒక బాబాయి ఉంటాడు), ఫొటో తీసిందెవరు, దించేటప్పుడు ఏం పగిలింది. ఈ ఊళ్లో పెరిగిన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అమ్మమ్మ తెలుగులో చెప్పింది తెలుగులోనే రాసి, కింద పిల్లల చేత తమిళంలోనో ఇంగ్లీషులోనో రెండు ముక్కలు రాయించండి. పుస్తకం వాళ్లది కూడా అవుతుంది.

స్క్రాప్‌బుక్‌కు అసలు శత్రువు బద్ధకం. కత్తెరలు, రంగు టేపులు, స్టిక్కర్లు కొనడం దగ్గరే చాలామంది ఉత్సాహం అయిపోతుంది. రింగు ఫైలులో విడి పేజీలు పెట్టుకుంటే సగంలో ఆగినా నష్టం లేదు, ఉన్న పేజీలు ఉన్నట్టే పనికొస్తాయి. తాడు ముక్కలవంటి లావు వస్తువులకూ రింగు ఫైలే తట్టుకుంటుంది, కుట్టిన పుస్తకం ఉబ్బి వీపు విరుగుతుంది.

అచ్చు వేయించే ఫొటోబుక్ ఎప్పుడు నయం? అన్నదమ్ములు ఒకరు నెల్లూరులో, ఒకరు బెంగళూరులో, ఇంకొకరు డల్లాస్‌లో ఉన్నప్పుడు. ఒకే పుస్తకం మూడు కాపీలు వేయించి పంపొచ్చు. స్క్రాప్‌బుక్ ఒక్కటే ఉంటుంది, ఎవరి దగ్గరుండాలన్నదానికి పంచాయితీ మొదలవుతుంది. అయితే దీనికి మంచి ఫైళ్లు కావాలి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు అని లెక్క. 12 మెగాపిక్సెల్ ఫొటో, 4000 బై 3000, దాదాపు 13 బై 10 అంగుళాల దాకా నిలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన 1600 బై 1200 ఫొటో నాలుగు బై ఆరుకు పరవాలేదు, పూర్తి పేజీకి వేస్తే మసకే. కుటుంబం గ్రూపులోంచి ఏరుకున్న ఫొటోలే మీ ఆస్తి అయితే స్క్రాప్‌బుక్కే దారి. ఇంకొకటి, ఫొటోబుక్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని తెలుగు ఒత్తులను విరిచేస్తాయి, ఆర్డరు ముందు ప్రివ్యూలో ప్రతి వాక్యం చదవాలి. అచ్చయ్యాక పెద్దత్త ‘ఆ ట్రంకు పెట్టె నాది కాదు, మీ నాన్నది’ అంటే దిద్దడానికి వీలుండదు.

అప్పటికప్పుడే ప్రింటు వచ్చే ఇన్‌స్టాక్స్ గురించి పిల్లలు అడుగుతారు. మినీలో బొమ్మ 62 బై 46 మిల్లీమీటర్లే. ముఖానికి చాలు, లారీ ఎక్కుతున్న సోఫాకు చాలదు.

ఇప్పుడు నీళ్ల మాట. 2015 డిసెంబర్‌లోనూ, మిచాంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబర్‌లోనూ కింది అంతస్తుల్లో బీరువాల కింది అరలు మునిగాయి, ఆల్బమ్‌లు సాధారణంగా ఉండేదీ అక్కడే. ఇక్కడ ఫోన్‌లోని ఫొటోలదే గెలుపు, బ్యాకప్ ఉంటే. కాగితంలో ల్యాబ్ ప్రింట్లు కొంత తట్టుకుంటాయి. ఇంట్లో ఇంక్‌జెట్‌లో తీసినవాటిలో డై ఇంకువి నీళ్లు తగలగానే కారిపోతాయి. తడిసిన ల్యాబ్ ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఇక విడిపోవు. తడిగా ఉండగానే చన్నీళ్లలో మెల్లగా కడిగి విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. అప్పుడు తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో పడేస్తే కుళ్లకుండా ఆగుతాయి. వరద లేని రోజుల్లోనూ ఇక్కడి తేమకు ఫొటో మీది జెలటిన్ పొర బూజు పడుతుంది. కింది అరా, ఎండకు కాలే లాఫ్టూ, బయటి గోడకు ఆనిన బీరువా వద్దు. లోపలి గదిలో మధ్య అర మంచిది, సిలికా జెల్ పొట్లాలతో. కలరా ఉండలు చీరల దగ్గరే ఉంచండి, వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి.

కాబట్టి ఒంటరిగా ఉంటూ తరచూ ఇల్లు మారే ఉద్యోగులకు ఫోనూ, బ్యాకప్పూ, ప్రతి ఫొటో కింద ఒక వాక్యం చాలు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి, వాళ్లకు కబుర్లు చెప్పే ఓపిక ఉంటే వెంటనే స్క్రాప్‌బుక్ మొదలుపెట్టండి, ఆ ఇంటికి ఇంకేదీ సాటిరాదు. చెల్లాచెదురైన కుటుంబాలు ముందు స్క్రాప్‌బుక్ చేసి, అందరూ చూసి దిద్దాక దాని పేజీలనే స్కాన్ చేసి ఫొటోబుక్ వేయించుకోవచ్చు. కవర్ల ఆల్బమ్‌ను నేనైతే అసలు ప్రింట్లు దాచే పెట్టెగానే వాడతాను.

ఇంకో సంగతి. ఇల్లు మార్చినప్పుడు మోసినవాళ్లలో మనవాళ్లే కాదు, కూలికి వచ్చినవాళ్లూ ఉంటారు. కోయంబేడులోనో సెంట్రల్‌లోనో తీస్తే ముందు అడగండి, బరువు మీద ఉన్నప్పుడు కాదు, దించాక. ఇంటి పుస్తకంలో పెట్టేముందు వాళ్ల పేరు కూడా కనుక్కుని రాయండి, వద్దంటే రాయకండి. కుదిరితే ఒక ప్రింటు వాళ్లకూ ఇవ్వండి, నాలుగు బై ఆరు ప్రింటుకయ్యే ఖర్చు ఎంతని!