వాడిన సైకిల్ కొనేటప్పుడు: కార్బన్ ఫ్రేమా, అల్యూమినియం ఫ్రేమా?

బెంగళూరు నుంచి తెల్లవారుజామునే నంది కొండకు బయలుదేరే మనవాళ్లలో కొందరు, కొత్త కార్బన్ సైకిల్ (కార్బన్ నార పొరలను జిగురుతో అతికించి చేసిన ఫ్రేమ్ ఉన్నది) ధర విని వెనక్కి తగ్గి, ఎవరో వాడినదాన్ని వెతుక్కుంటారు. వయసు ఒక్కటే లెక్కయితే కార్బన్‌దే పైచేయి. పదేపదే పడే చిన్న ఒత్తిడికి కూడా అల్యూమినియం ఏళ్ల తరబడి అలసిపోతూనే ఉంటుంది, సరిగా తయారైన కార్బన్ పొరలు దాన్ని మెరుగ్గా తట్టుకుంటాయి.

అయితే తగిలిన దెబ్బను అల్యూమినియం చాలాసార్లు సొట్టగా బయటపెడుతుంది, కార్బన్ మాత్రం రంగు కింద దాచుకోగలదు. కార్బన్ ఫ్రేమ్ గొట్టం వెంబడి రూపాయి బిళ్లతో మెల్లగా తడుతూ పోయినప్పుడు ఖంగుమనే చప్పుడు ఒక్కచోట మొద్దుబారితే, లోపలి పొరలు విడిపోయాయేమోనని అనుమానించాలి; గొట్టం మందం మారినా చప్పుడు మారుతుంది కనుక కుడి ఎడమలను పోల్చి చూడాలి. సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) పూర్తిగా బయటికి తీయించి, బిగింపు పడిన చోట వెంట్రుకంత పగులు ఉందేమో టార్చి వేసి చూడనిదే నేను బేరం మొదలుపెట్టను, అమ్మేవారు నొచ్చుకున్నా సరే. కిందపడిన చరిత్ర తెలియని కార్బన్ కన్నా సొట్టలేని అల్యూమినియమే నాకు నయం.

మరమ్మతులో లెక్క తిరగబడుతుంది: కార్బన్‌కు కొత్త పొరలు అతికించవచ్చు, ఫ్రేములకు తరచూ వాడే 6061 రకం అల్యూమినియానికి మాత్రం వెల్డింగ్ తర్వాత మళ్లీ ఉష్ణచికిత్స (వేడిచేసి గట్టిపరచడం) చేయకపోతే అతుకు దగ్గర బలం తగ్గుతుంది.