మూడు లీటర్ల నైట్రోజన్ క్యాన్: ఏళ్లుగా వాడిన అనుభవం

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ చేస్తూ తిరగడం నా పని. వీర్యం స్ట్రాలు (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) ద్రవ నైట్రోజన్‌లో మునిగి ఉండే మూడు లీటర్ల అల్యూమినియం క్యాన్ రోజూ బండి మీద నాతోపాటే తిరుగుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ‘ఏ సైజు తీసుకోవాలి అన్నా, ఎన్ని రోజులు వస్తుంది’ అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అందరికీ ముందు వచ్చే అనుమానం మన ఎండల గురించి. మే నెలలో పొన్నూరు రోడ్డు మీద మధ్యాహ్నం తిరిగినా క్యాన్‌కు ఏమీ కాదు. క్యాన్ రెండు గోడల మధ్య వాక్యూమ్ (గాలి తీసేసిన ఖాళీ) బాగున్నంతకాలం బయటి వేడి లోపలికి పెద్దగా చేరదు. మాటిమాటికీ మూత తీయడం వల్ల, గతుకుల్లో కుదుపుల వల్ల నైట్రోజన్ త్వరగా ఆవిరైపోతుంది. కదలకుండా ఇంట్లో ఉంచితే రెండు వారాలు దాటి వచ్చేది, తిరుగుడులో వారం పది రోజులకే నింపాల్సి వస్తుంది. కంపెనీవాళ్లు కాగితం మీద చెప్పే రోజులు కదలని క్యాన్‌కు లెక్కేసినవి. వాటిని నమ్ముకుని ఊళ్లకు బయల్దేరకూడదు.

మట్టం చూడటానికి చెక్క స్కేలు ముంచి, బయటికి తీసి గాలిలో ఊపితే ఎంతవరకు మంచు పడుతుందో అంతవరకు నైట్రోజన్ ఉన్నట్టు. బోలుగా ఉన్న గొట్టం మాత్రం ముంచొద్దు, నైట్రోజన్ పైకి చిమ్ముతుంది. నేను తూకాన్ని కూడా నమ్ముతాను. లీటరు నైట్రోజన్ సుమారు 800 గ్రాములు ఉంటుంది. ఖాళీ క్యాన్ బరువు పెయింటుతో దాని మీదే రాసుకుని, పొద్దున బయల్దేరేముందు కాటా మీద పెడతాను. రోజూ తగ్గేదానికంటే ఒక్కసారిగా ఎక్కువ బరువు తగ్గిందంటే క్యాన్‌లో ఏదో తేడా ఉన్నట్టే.

ఈ క్యాన్‌లో అసలు ప్రమాదమంతా మెడ దగ్గరే. అడుగున మైనస్ 196 డిగ్రీలుంటే, పైకి వచ్చేకొద్దీ చలి వేగంగా తగ్గిపోతుంది. స్ట్రాలో పట్టేది పావు మిల్లీలీటరే, వెచ్చబడటానికి ఎంతోసేపు పట్టదు. మైనస్ 130 దాటిందంటే లోపల మంచు స్ఫటికాలు మళ్లీ పెరిగి కణాల్ని చీల్చేస్తాయి. తిరిగి ముంచినా ఆ దెబ్బ మానదు. పైగా స్ట్రా చూడటానికి మునుపటిలాగే ఉంటుంది! అందుకే స్ట్రాలు పెట్టే గిన్నెను పైకి లాగేటప్పుడు మెడలో కనిపించే మంచు గీత దాటనివ్వను. ఫోర్సెప్స్ కొనను ముందే చల్లబరిచి, స్ట్రా అందుకుని, ఐదారు సెకన్లలో దొరక్కపోతే గిన్నె మళ్లీ దించేస్తాను. తీసిన స్ట్రాను ఒకసారి విదిలించి, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, బొట్టు తడి లేకుండా తుడిచాకే కత్తిరిస్తాను. లోపలికి నీటి చుక్క వెళ్లినా వీర్యకణాలు చస్తాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, దూడ నిలవకపోతే గేదె మళ్లీ ఎదకు రావడానికి మూడు వారాలు పడుతుంది. ఎండాకాలంలో అయితే మూగ ఎద, రైతు కంటికే పడదు. ‘ఈసారైనా కడుతుందా బాబూ’ అని ఆ ఇంటి పెద్దమ్మ అడిగినప్పుడు, నా క్యాన్‌లో లోపం లేదని నాకు రూఢిగా తెలిసుండాలి. ఎక్కువగా ఆడ దూడలే పుట్టేలా వేరుచేసిన లింగ నిర్ధారిత వీర్యం వచ్చాక ఇది ఇంకా ముఖ్యం, ఆ స్ట్రా ఖరీదు రైతుకు తేలిక కాదు.

నా మొదటి క్యాన్ కొన్నేళ్లు బాగానే పనిచేసి, ఒక వానాకాలం మెడ చుట్టూ చెమట పట్టడం మొదలెట్టింది. సాయంత్రం నింపితే మర్నాటికి అడుగంటేది. వాక్యూమ్ పోయిందన్నమాట. దాన్ని ఊళ్లో వెల్డింగు షాపువాళ్లు బాగుచేయలేరు, స్ట్రాలు వెంటనే వేరే క్యాన్‌లోకి మార్చాల్సిందే. అమ్మినవాళ్లు వారంటీ దాటిందని ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పటినుంచి బండి మీద కింద మందపాటి రబ్బరు షీటు వేసి, నిలువుగా బిగించి కడుతున్నాను. ఒరిగినా పడినా మెడ మీదే భారం పడుతుంది.

మూత వదులుగానే ఉండాలి. లీటరు నైట్రోజన్ దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది కాబట్టి గుడ్డలు కుక్కి గట్టిగా మూస్తే పేలుతుంది. ఇదే కారణంతో అద్దాలు ఎత్తిన కారులో, తలుపులు మూసిన గదిలో ఉంచకూడదు. వాసన రాదు, తెలిసేలోపే ఊపిరాడక మనిషి పడిపోతాడు.

ఒక్క మూడు లీటర్ల క్యానే పెట్టుకుని పని నడపొద్దని నా సలహా. వీలైతే నలుగురు కలిసి 35 లీటర్లది ఒకటి తీసుకుని స్ట్రాలన్నీ అందులో ఉంచండి, చిన్నదాంట్లో రెండు మూడు రోజుల పనికి సరిపడా మాత్రమే తీసుకెళ్లండి. చిన్నది కొనేటప్పుడు మూత కార్కు సులువుగా దొరికే కంపెనీదే కొనండి, అన్నిటికంటే ముందు అరిగేది అదే. కొత్తదాంట్లో మొదట కొంచెం నైట్రోజన్ పోసి చల్లబడనిచ్చి, తర్వాత నింపి, ఒక రోజంతా తూకం చూశాకే స్ట్రాలు వేయండి.