శాకాహారులకు హెచ్చరిక: మెక్సికన్ రెస్టారెంటు మెనూలోని ఆకు గుర్తును నమ్మకండి

టెక్సస్‌లోని డాలస్ పరిసరాలలో, ముఖ్యంగా ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు నివసించే తెలుగువారి కోసం ఈ విషయం వ్రాస్తున్నాను. మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక మెక్సికన్ రెస్టారెంటుకు మధ్యాహ్న భోజనానికి వెళ్లి, మెనూలో పేరు పక్కన పచ్చని ఆకు గుర్తు ఉన్నదన్న ధీమాతో తెప్పించుకున్న ప్లేటులో పంది కొవ్వు, కోడి రసం రెండూ ఉన్నాయని సగం తిన్న తరువాత తెలిసింది.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు గుడ్డు కూడా ముట్టని మనిషి. ఆమె కోసం చీజ్ ఎంచిలాడాలు (చీజ్ పెట్టి చుట్టి, పైన సాస్ పోసిన మొక్కజొన్న రొట్టెలు), మెక్సికన్ రైస్, రిఫ్రైడ్ బీన్స్ (ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు) ఉన్న లంచ్ ప్లేటు చెప్పే ముందు, ఇందులో మాంసం ఏమైనా ఉంటుందా అని వడ్డించే వ్యక్తిని స్పష్టంగా అడిగాము. ఏమీ ఉండదని, పూర్తిగా వెజిటేరియన్ అని సమాధానం వచ్చింది. ఎర్రగా ఉన్న ఆ అన్నంలో బఠానీలు, క్యారట్ ముక్కల మధ్య తెల్లని పీచు ఒకటి అత్తగారి ఫోర్కుకు తగులుకున్నది. వేళ్లతో విడదీసి చూస్తే అది కోడి మాంసపు పోగు. మేనేజరును పిలిచి అడిగితే, అన్నాన్ని చికెన్ బ్రాత్‌లో, అంటే కోడి రసంలో, ఉడికిస్తామని, బీన్స్‌ను లార్డ్‌లో, అంటే పంది కొవ్వులో, వేయించి మెదుపుతామని దాపరికం లేకుండానే చెప్పి, ముక్కలు వేయము కనుక ఆకు గుర్తు పెట్టామన్నారు. అత్తగారు లేచి వెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చి, ఆ పూట మరి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. ప్లేటు ధరను బిల్లులో తీసివేశారు కానీ, ఇన్నేళ్లు నియమంగా బ్రతికిన మనిషికి అది ఏపాటి ఊరట?

ఆ వంటను నేను తప్పుపట్టడం లేదు. స్పెయిన్‌వారు పదహారవ శతాబ్దంలో పందులను మెక్సికోకు తెచ్చిన నాటి నుంచి అక్కడి వంటింట్లో పంది కొవ్వు మనకు నూనె ఉన్నంత సహజంగా కలిసిపోయింది. రిఫ్రైడ్ బీన్స్‌కు ఆ నునుపు, ఆ కమ్మదనం చాలా చోట్ల దాని వల్లనే వస్తాయి. గోధుమపిండి టోర్టియాలలో (పలుచని రొట్టెలలో), ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెల పిండిలో కూడా సంప్రదాయంగా అదే కలుపుతారు కనుక, లోపల కూరగాయలే పెట్టిన తమాలె కూడా శాకాహారం కాకపోవచ్చు. చారో బీన్స్ అనే పులుసు లాంటి చిక్కుడు వంటకంలో సాధారణంగా బేకన్ (పంది మాంసం) ఉంటుంది. టోర్టియా సూప్‌కు, ఎంచిలాడాల మీద పోసే సాస్‌కు తరచుగా కోడి రసమే ఆధారం. నా అభ్యంతరమంతా ఇవన్నీ తెలిసి కూడా ఆకు గుర్తు ముద్రించడం మీదనే.

మన దేశంలో ప్యాకెట్ల మీద పచ్చచుక్క చట్టప్రకారం తప్పనిసరి కావడం వల్ల మనకు అలాంటి గుర్తు కనబడగానే నమ్మే అలవాటు ఏర్పడింది. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెజిటేరియన్ అన్న మాటకు నియమబద్ధమైన నిర్వచనం ఏదీ ఇవ్వలేదు. ప్యాకెట్ల మీద తప్పక తెలపవలసిన 9 ప్రధాన అలర్జీ పదార్థాలలో (2023 జనవరి నుంచి నువ్వులు కూడా ఇందులో చేరాయి) పంది కొవ్వు గానీ కోడి మాంసం గానీ లేవు. రెస్టారెంటు మెనూలోని ఆకు ఆ యజమాని ఇష్టప్రకారం వేసుకున్న బొమ్మ మాత్రమే. కోడి మాంసం తింటూ పంది మాంసాన్ని పూర్తిగా నిషిద్ధంగా భావించే మన ముస్లిం సోదరులు కూడా బీన్స్ విషయంలో ఇంతే జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి మాంసం ఉందా అని అడిగి ఊరుకోకండి. బీన్స్‌లో, టోర్టియాలలో లార్డ్ కలుపుతారా, అన్నం ఏ నీటిలో ఉడికిస్తారు, సాస్‌లో బ్రాత్ ఉందా, చిప్స్ వేయించే నూనెలోనే చికెన్ కూడా వేయిస్తారా అని ఒక్కొక్కటీ విడిగా అడగండి. వడ్డించేవారు తడబడితే వంటవారినే కనుక్కుని రమ్మనండి. లార్డ్ అంటే అర్థం కాకపోతే మాంటేకా అని చెప్పండి. మధ్యాహ్నపు రద్దీలో ఎవరికీ తీరిక ఉండదు కనుక, పెద్దవారిని తీసుకువెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. మొక్కజొన్న టోర్టియాలను సాధారణంగా సున్నపు నీటిలో నానబెట్టిన మొక్కజొన్న గింజలతోనే చేస్తారు. వాటితో గ్వాకమోలే (అవకాడో పచ్చడి), పికో డి గాయో (పచ్చి టమాటా, ఉల్లి ముక్కల పచ్చడి) తీసుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. కూరగాయల ఫహీటాలు (పెనం మీద వేయించి టోర్టియాలతో ఇచ్చే ముక్కలు) మాత్రం మాంసం కాల్చిన పెనం మీదనే చేస్తారేమో చూసుకోవాలి.

ఆకు గుర్తు తీసివేయమని, లేదా బీన్స్, అన్నం నూనెతో, నీళ్లతో విడిగా వండమని ఆ రెస్టారెంటువారికి లిఖితపూర్వకంగా తెలియజేశాను. ఇంతవరకు జవాబు రాలేదు. వారి మెనూలో ఆ ప్లేటు పక్కన ఆకు గుర్తు ఇప్పటికీ అలాగే ఉన్నది.