నడుముకు సీటు, చంకన పాప: హిప్ సీట్ 22 నెలలు వాడాక

మా పాపకు పదకొండో నెల నడుస్తుండగా హిప్ సీట్ కొన్నాం. దానికి రెండేళ్ల తొమ్మిది నెలలు వచ్చే దాకా, అంటే 22 నెలలు వాడాం. ఉప్పల్ నుంచి మెట్రోలో కూకట్‌పల్లిలో ఉన్న అమ్మ వాళ్లింటికి వెళ్లడం దగ్గర్నుంచి విశాఖ బీచ్ దాకా అన్నిచోట్లా తిరిగింది. ఇలాంటి వస్తువు సంగతి కొన్న వారంలో తెలియదు. పిల్ల బరువు పెరగాలి, ఒక ఎండాకాలం గడవాలి, వెల్క్రో అరగాలి. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

చూడని వాళ్ల కోసం చెప్తాను. వెడల్పాటి నడుము బెల్టు ఉంటుంది. దాని ముందు భాగంలో చిన్న అరుగులా బయటికి వచ్చిన సీటు. లోపల గట్టి ఫోమ్, పైన పిల్లలు జారకుండా గరుకు బట్ట. బెల్టును వెల్క్రోతో బిగించి, దాని మీద బకిల్ పెట్టుకోవాలి. మన అమ్మమ్మలు నడుము ఒక పక్కకి విరిచి, పిల్లను చంకనేసుకుని ఇంటి పనంతా చేసేవాళ్లు కదా. ఆ నడుము చేసిన పని ఇక్కడ అరుగు చేస్తుంది, మనం నిటారుగా నిలబడొచ్చు. భుజాలకు పట్టీలుండే పై భాగాన్ని జిప్‌తో తగిలించుకునే రకం కూడా దొరుకుతుంది. మేం కొన్నది అదే. 2,800 రూపాయలు పడింది. ఆ పై భాగాన్ని మూడు నెలలకే బీరువాలో పెట్టేశాం. కారణం చెప్తాను.

అంతకు ముందు మాకు స్ట్రోలర్ ఉండేది. మా ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లో ఫుట్‌పాత్ మీద కరెంటు స్తంభం, కొబ్బరిబోండాల బండి, వరసగా పెట్టిన బైకులు, లేచిపోయిన టైల్స్. బండిని నాలుగడుగులు తోసే సరికి రోడ్డు మీదికి దించాల్సి వచ్చేది, పక్క నుంచి బస్సులు. పాప కాళ్లు వాహనాల పొగ గొట్టాల ఎత్తులో ఉండేవి. నాకు ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎయిర్‌పోర్టులో, మాల్‌లో, జూ లోపలి రోడ్ల మీద స్ట్రోలర్ బంగారం లాంటిదే. కానీ అక్కడి దాకా వెళ్లడానికి మన వీధులు దాటాలి కదా.

స్ట్రోలర్ వద్దనుకోవడానికి రోడ్లే కారణం కాదు. పాప వయసు ఇంకా పెద్ద కారణం. అడుగులు వచ్చిన పిల్ల కూర్చోదు, నడవదు. రెండూ కావాలి దానికి, వెంటవెంటనే కావాలి. ఒకరోజు కూరగాయల బండి దగ్గరికి వెళ్లి వస్తూ లెక్కపెట్టాను. లిఫ్ట్ దగ్గర "దించు". సెల్లార్‌లో పిల్లి కనపడింది, దాని వెనక నాలుగడుగులు. పిల్లి కారు కిందికి దూరగానే "ఎత్తుకో". గేటు దగ్గర వాచ్‌మన్ తాతకు టాటా చెప్పడానికి మళ్లీ "దించు". రోడ్డు మీద కుక్క మొరిగితే గబగబా చంకలోకి. టమాటాలు తానే ఏరాలి కాబట్టి కిందికి, ఏరడం అయ్యాక పైకి. ఇల్లు చేరేసరికి పదకొండుసార్లు ఎక్కి దిగింది. భుజాల పట్టీలతో ఉండే క్యారియర్‌లో కూర్చోబెట్టడానికి, దించడానికి ప్రతిసారీ రెండు నిమిషాలు కావాలి, వెనక బకిల్ పెట్టడానికి ఇంకో మనిషి కావాలి. హిప్ సీట్ మీదకు మూడు సెకన్లు. పై భాగాన్ని అందుకే తీసేశాం. నా దృష్టిలో ఈ వస్తువు ఉన్నదే ఈ ఎక్కడం దిగడం కోసం. మీ బిడ్డ ఆ వయసులో లేకపోతే దీన్ని కొనకండి.

మరీ ముందు కూడా వద్దు. బిడ్డ మెడ నిలబడాలి, ఆసరా లేకుండా తానే కూర్చోగలగాలి, ఆ తర్వాతే ఈ సీటు మీద. కూర్చున్నప్పుడు తొడలు మోకాళ్ల దాకా ఆనాలి, మోకాళ్లు పిర్రల కంటే కాస్త పైకి ఉండాలి. కాళ్లు కిందికి వేలాడిపోతే తుంటి కీళ్లకు మంచిది కాదు. మేం కొన్నాక పాపను దాని మీద కూర్చోబెట్టి మా పిల్లల డాక్టరుకి చూపించాం. ఆవిడ మొదట చూసింది మోకాళ్లే. ఆన్‌లైన్‌లో సీటు వెడల్పు ఫొటోలో అర్థం కాదు కాబట్టి, వీలైతే బిడ్డను షాపుకు తీసుకెళ్లి పది నిమిషాలు కట్టుకుని చూడండి.

దీని విలువ నాకు బాగా తెలిసింది సాలార్ జంగ్ మ్యూజియంలో. అక్కడి మ్యూజికల్ గడియారం చూడాలని వెళ్లాం. శుక్రవారం సెలవు కాబట్టి శనివారం బయల్దేరాం. అమీర్‌పేటలో మెట్రో మారి ఎంజీబీఎస్‌లో దిగి అక్కణ్నుంచి ఆటో. పన్నెండు గంటలప్పుడు పన్నెండు దెబ్బలు వినొచ్చని ఆ వేళకు జనం బాగా చేరతారు. మా ముందు స్కూలు పిల్లలు, వాళ్ల వెనక పెద్దవాళ్లు. పాపను చేతులతో ఎత్తి పట్టుకుంటే ఐదు నిమిషాలకే మోచేతులు లాగేసేవి. సీటు మీద కూర్చోబెట్టి నడుము చుట్టూ చెయ్యి వేసి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. గడియారంలోంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం మొదలుపెట్టింది. పాప నా మెడ పట్టుకుని మొదటి దెబ్బకు ఉలిక్కిపడింది, రెండో దెబ్బకు నా మొహం చూసింది, మూడో దెబ్బ నుంచి తానూ "టంగ్" అనడం మొదలుపెట్టింది. నా చెవి పక్కన, నా మొహం ఎత్తులో. స్ట్రోలర్‌లో ఉంటే దానికి జనం మోకాళ్లు మాత్రమే కనిపించేవి. పెద్దలు చూసేది పిల్లలు కూడా అదే ఎత్తు నుంచి చూడగలగడం ఎంత మంచి సంగతో ఆ రోజే తెలిసింది.

నెహ్రూ జూ పార్కుకు ఐదుసార్లు వెళ్లి ఉంటాం. 1963లో తెరిచిన పార్కు, దాదాపు 380 ఎకరాలు. సోమవారం సెలవు. అంత పెద్ద చోట హిప్ సీట్ ఒక్కటే సరిపోదని మొదటిసారే అర్థమైంది. పిల్ల పన్నెండు కేజీలు దాటాక గంటన్నర మోస్తే నడుము వెనక భాగం బిగుసుకుపోయింది. తర్వాతి నుంచి ముందు బ్యాటరీ బండిలో దూరం వెళ్లి, దిగాక పాపను నడిపించి, ఎన్‌క్లోజర్ల దగ్గర గోడ అడ్డొచ్చిన చోట మాత్రం సీటు మీదకు ఎక్కించేవాళ్లం. ఏనుగును చూడటానికి ఎక్కించాల్సిన పనిలేదు, మొసలికి ఎక్కించాలి. ఇంకో మాట, జూ మొత్తం ఒక్కరోజులో చూపించాలని పెట్టుకోకండి. మా పాప ఒకసారి టాయ్ ట్రెయిన్‌లో తిరిగి, దిగాక చీమల బారు దగ్గర పావుగంట కూర్చుంది. దానికి ఆ రోజు జూ అంటే అదే.

ఇక ప్రమాదం సంగతి. ఇది చాలామంది రాయరు. పాపను ముందు కూర్చోబెట్టుకుంటే మన పాదాలు మనకు కనిపించవు. చదును నేల మీద ఇబ్బంది లేదు గానీ మెట్లు దిగేటప్పుడు ప్రాణం మీదికొస్తుంది. గోల్కొండలో పైకి బాగానే వెళ్లాం. కింద ద్వారం దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలా హిస్సార్ దాకా వినపడతాయని చెబితే పాప పైకెళ్లాక కూడా చప్పట్లు కొడుతూనే ఉంది. దిగేటప్పుడు ఒక రాతి మెట్టు మిగతావాటి కంటే లోతుగా ఉంది, నాకు కనపడలేదు. కాలు మడతపడింది. పక్కనే ఉన్న మావారు జబ్బ పట్టుకోకపోతే ఇద్దరం పడేవాళ్లం. అక్కడే బెల్టు విప్పేశాను. ఆయన పాపను మామూలుగా ఒక చేత్తో చంకనేసుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని దించారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి: మెట్లు దిగాలంటే సీటు పక్కకి తిప్పాలి లేదా విప్పేయాలి.

రెండో విషయం, ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. పట్టీలు లేని సీటులో బిడ్డను పట్టి ఉంచేది మన చెయ్యే. "హ్యాండ్స్ ఫ్రీ" అని పెట్టె మీద రాసి ఉన్నా నమ్మకండి. పిల్లలు ఉన్నట్టుండి వెనక్కి వాలతారు. ఫోన్ మాట్లాడాలంటే నేను ఆగిపోయి గోడకు ఆనుకునేదాన్ని.

బైకు మీద దీన్ని వాడొద్దు. రాయకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే మా వీధిలోనే ఒకావిడ వెనక కూర్చుని ఇలాంటి సీటు మీద బాబును పెట్టుకుని వెళ్లడం కళ్లారా చూశాను. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను టూవీలర్ మీద తీసుకెళ్తే హెల్మెట్, బండి నడిపే వారితో కలిపి కట్టే సేఫ్టీ హార్నెస్ తప్పనిసరి అని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022 ఫిబ్రవరిలోనే నిబంధన తెచ్చింది. హిప్ సీట్ ఆ హార్నెస్ కాదు. కారులో కూడా ఇది కార్ సీట్ కాదు.

ఎండాకాలం విషయంలో ఇది నాకు నచ్చింది. పిల్ల వీపుకు, నా ఛాతీకి మధ్య మందపాటి బట్ట లేదు కాబట్టి గాలి ఆడుతుంది. పై భాగం తగిలించిన రోజుల్లో ఏప్రిల్ సాయంత్రం కూడా ఇద్దరం తడిసి ముద్దయ్యేవాళ్లం, పాప మెడ మీద చెమటకాయలు లేచాయి. కానీ నా నడుము చుట్టూ బెల్టు మాత్రం ఉడికిపోతుంది. అన్నం తిన్న వెంటనే కట్టుకుంటే పొట్ట నొక్కుకుపోతుంది. చీర మీద కట్టుకోవడం నాకు కుదరలేదు, కుచ్చిళ్లు నలిగి పక్కకి జరిగిపోతాయి. పెళ్లిళ్లకు మావారే కట్టుకునేవారు. ఆయనకూ నాకూ ఒకే బెల్టు సరిపోవడం పెద్ద సుఖం. సిజేరియన్ అయిన వాళ్లు మాత్రం కుట్ల మీద బెల్టు ఆనుతుంది కాబట్టి డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. మా అత్తయ్య రెండుసార్లు కట్టుకుని వద్దన్నారు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు బరువు ముందుకు లాగుతుంది, అది నిజమే.

పాప నిద్రపోతే దీంతో లాభం తక్కువ. తల ఆనడానికి ఏమీ ఉండదు. భుజం మీద పడుకోబెట్టుకుని కింద సీటు ఆసరాగా వాడుకోవచ్చు గానీ రెండు చేతులూ కావాలి. పైగా పడుకున్న పిల్లను దించి బెల్టు విప్పితే ఆ వెల్క్రో చప్పుడుకు లేచి కూర్చుంటుంది. పక్క గదిలోకి వెళ్లి విప్పడం అలవాటు చేసుకున్నాను.

విశాఖ వెళ్లినప్పుడు పాపకు రెండేళ్లు. ఐదేళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు అక్కర్లేకపోతే రైల్లో టికెట్ ఉండదు కాబట్టి నా బెర్తులోనే పడుకుంది. ఆర్కే బీచ్‌లో ఇసుకలో నడక, అలల దగ్గర నిలబడటం, అల రాగానే కేక వేసి పైకి ఎక్కడం, అన్నిటికీ సీటు బ్రహ్మాండంగా పనికొచ్చింది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలో మాత్రం పనికిరాలేదు. 91 మీటర్ల పొడవున్న ఆ జలాంతర్గామిలో ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. ముందుకు పొడుచుకొచ్చిన సీటుతో వంగలేం. గేటు దగ్గరే విప్పి బ్యాగులో కుక్కాం. అదేమో మడతపడదు, ఫోమ్ గట్టిది, సగం బ్యాగు దానికే పోయింది.

ఆ బీచ్ నుంచే వెల్క్రో కష్టాలు మొదలయ్యాయి. తడి ఇసుక ముళ్లలాంటి భాగంలో దూరి, ఎంత దులిపినా పోలేదు. హోటల్ గదిలో పాత టూత్‌బ్రష్‌తో వరసవరసగా గీకితే గానీ రాలేదు. ఇంటికొచ్చాక పట్టు బాగానే ఉంది గానీ, ఇంకో రెండు నెలలకు బెల్టు బిగించి రెండడుగులు వేయగానే చర్రున ఒక పక్క ఊడడం మొదలైంది. బకిల్ పట్టుకుంది కాబట్టి ఏమీ కాలేదు. వెల్క్రో ఒక్కటే ఉండి బకిల్ లేని రకాలు కూడా అమ్ముతున్నారు, అవి సగం ధరకు ఇచ్చినా తీసుకోకండి. కంపెనీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. మా దగ్గర బ్యాగులు కుట్టే ఆయన పాత వెల్క్రో విప్పి కొత్తది రెండు వరసల కుట్టుతో వేసి 150 రూపాయలు తీసుకున్నాడు. అది చివరి దాకా ఊడలేదు. ఫోమ్ మాత్రం ఏడాదిన్నరకు ముందు అంచున కొద్దిగా అణిగింది, పాప కాస్త ముందుకు జారేది. అప్పటికే వాడకం తగ్గింది కాబట్టి సర్దుకున్నాం.

రెండున్నరేళ్లు వచ్చాక పాప తనంతట తానే నడవడం ఎక్కువైంది. చివరి మూడు నెలల్లో రద్దీ మెట్రోలోనే వాడాం. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఆ జనంలో దాన్ని కింద నడిపించే ధైర్యం నాకు లేదు. పోయిన నెల సీటు బట్టను విప్పి చేత్తో ఉతికి, నీడన ఆరబెట్టి, ఖమ్మంలో ఉన్న మా చెల్లికి ఇచ్చాను. వాళ్ల బాబుకు పది నెలలు, ఈ మధ్యే మంచం పట్టుకుని నిలబడుతున్నాడు. టూత్‌బ్రష్ కూడా ముందు జేబులో పెట్టి పంపాను.