వాలీబాల్ క్యాంపుకి 8 వేలు కట్టాం, మా లిఫ్టర్ చేతుల వణుకు తగ్గిందా?

ముందే చెప్పేస్తున్నా, క్యాంపు పేరు రాయను. రాస్తే మావాడు, అంటే మా అబ్బాయి, ఎవరో నెల్లూరులో వాలీబాల్ ఆడే పిల్లలందరికీ తెలిసిపోతుంది, ఆ తర్వాత వాడు నన్ను ఇంట్లోకి రానివ్వడు. టౌనుకి కాస్త ఎడంగా రెండు మట్టి కోర్టులు, ఒక రేకుల షెడ్డు, నాలుగు ఫ్లడ్ లైట్లు, అందులో ఒకటి వెలగదు. 28 రోజుల సమ్మర్ క్యాంపు. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా. ఫీజు 6,500. ఆదివారాలు 'మైండ్ ట్రైనింగ్' అని ఒక క్లాసు, దానికి విడిగా 1,500. రెండూ కట్టాను. మొదటిది దండగ కాలేదు. రెండోదాని గురించి కింద రాస్తాను.

మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. టీములో లిఫ్టర్, అంటే కోచ్‌లు సెట్టర్ అనేది. ఈ ఆట తెలియనివాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, మూడు టచ్‌లలో రెండోది దాదాపు ప్రతిసారీ వాడిదే. పాస్ ఎంత వంకరగా వచ్చినా వాడే పరిగెత్తి అందుకోవాలి, నెట్ దగ్గర ఎగిరి కొట్టే షూటర్లలో ఎవరికి ఎత్తాలో బంతి గాల్లో ఉండగానే తేల్చుకోవాలి, షూటర్ పాయింట్ కొడితే చప్పట్లు షూటర్‌కి, నెట్‌లో కొడితే "లిఫ్ట్ సరిగ్గా ఇవ్వలేదు" అని తిట్లు మాత్రం వీడికి.

ఫిబ్రవరిలో కాలేజీల మ్యాచ్. 15 పాయింట్లకి ఆడే ఆఖరి సెట్, అయిదోది, 13-13. అక్కడి దాకా బాగానే ఆడినవాడు ఒక్కసారిగా కొయ్యబారిపోయాడు. ఒక బంతికి డబుల్ టచ్, అంటే ఒకడే రెండుసార్లు తాకాడని, విజిల్ పడింది, మరుసటి బంతి ఎప్పుడూ ఇచ్చేవాడికే, ఎడమ చివరి షూటర్‌కే ఎత్తాడు. అవతలివాళ్లు ఇద్దరు అక్కడ అప్పటికే చేతులెత్తుకుని నిలబడి ఉన్నారు. 15-13, అయిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు ప్రాక్టీసులో కూడా వేళ్లు బిగుసుకుపోయేవి. తల మీంచి వేళ్లతో ఎత్తే ఓవర్ హెడ్ వదిలేసి సులభమైన బంతులకి కూడా కింది నుంచి ముంజేతులతో అండర్ హ్యాండ్ వేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఏమీ మాట్లాడడు. మా ఇంటామె పోయినేడు, కోరిక తీరాలని ఒకరి దగ్గర ఒకరు రొట్టె పట్టుకునే రొట్టెల పండక్కి, ఇక్కడి స్వర్ణాల చెరువులో దిగి వాడి కోసం విద్య రొట్టె పట్టుకుంది, ఈసారి ధైర్యం రొట్టె ఎవరైనా ఇస్తారేమో అడుగుతానంటుంది. నవ్వులాటకి కాదు, నిజంగానే.

ఇక్కడ మా బావమరిది గురించి చెప్పాలి. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు, డల్లాస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు వాళ్ల ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉండేది ఆ ఊళ్లోనే. పదేళ్లుగా వాడికి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. నేను ఫోన్లో మా కథంతా చెబితే, "బావా, ఇది అచ్చం క్వార్టర్‌బ్యాక్ జబ్బే" అన్నాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే వాళ్ల ఆటలో ప్రతిసారీ బంతి అందుకుని ఎవరికి విసరాలో తేల్చేవాడు. ముందు అయిదుగురు గోడలా నిలబడి అడ్డుకుంటారు, వాళ్లను తోసుకుని వచ్చేవాళ్లు మీద పడే లోపు వాడికి ఉండేది రెండున్నర, మూడు సెకన్లు. భయం పట్టుకున్న క్వార్టర్‌బ్యాక్ ఒక్కడి వైపే చూస్తూ ఉండిపోతాడట, ఆ చూపును పట్టుకుని అవతలివాళ్లు మధ్యలో బంతి లాగేసుకుంటారట. మావాడు ఎడమ చివరికే ఎత్తడం గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరించింది.

బావమరిది చెప్పిన కథల్లో రెండు నా బుర్రలో ఉండిపోయాయి. శామ్ డార్నాల్డ్ అని న్యూయార్క్ జెట్స్ అనే జట్టుకి క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు. 2019 అక్టోబర్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద 33-0 తేడాతో ఓడిపోయారు, వీడొక్కడే నాలుగు బంతులు అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. మధ్యలో పక్కకొచ్చి కూర్చుని "నాకు దయ్యాలు కనపడుతున్నాయి" అన్నాడు, అంటే లేనివాళ్లు కూడా మీదికొస్తున్నట్టు అనిపిస్తోందని. ఒంటికి మైకు పెట్టి ఉండడంతో ఆ మాట టీవీలో దేశమంతా వినింది. 22 ఏళ్ల పిల్లాడు. ఎన్నాళ్లు ఎగతాళి చేశారో ఊహించుకోండి. అదే డార్నాల్డ్ 2024 సీజన్‌లో, నాలుగో జట్టు మిన్నెసోటా వైకింగ్స్‌కి ఆడి, 17 మ్యాచ్‌లలో 14 గెలిపించాడు, పాయింట్లు తెచ్చిపెట్టే టచ్‌డౌన్ పాస్‌లు 35 వేశాడు. అయితే ఆ సీజన్ చివర నాకౌట్ మ్యాచ్‌లో మళ్లీ తొమ్మిదిసార్లు బంతితో సహా పడగొట్టారు, ఓడిపోయారు. దయ్యాలు ఒకేసారి పోవు అన్నమాట.

రెండోవాడు డేవిడ్ కార్. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ అనే కొత్త జట్టు దేశం మొత్తంలో మొట్టమొదటగా ఎంచుకున్న ఆటగాడు. మొదటి సీజన్‌లోనే 76 సార్లు నేల కరిపించారు. ముందు నిలబడే గోడ సరిగ్గా లేదు మరి. "ఇట్టాంటోడికి ధైర్యం క్లాసులు చెప్పి ఏం చేస్తాం బావా, ముందు గోడ కట్టాలి గానీ" అన్నాడు బావమరిది. ఈ ఒక్క మాట పట్టుకునే నేను క్యాంపుల వేట మొదలుపెట్టాను. ఫోన్ చేసిన ప్రతి చోటా ఒకటే ప్రశ్న: లిఫ్టర్‌కి టెన్షన్ తగ్గించడానికి మీరేం చేస్తారు? ఇద్దరు "కాన్ఫిడెన్స్ బిల్డప్ చేస్తాం సార్" అన్నారు. ఈ క్యాంపు పెద్ద కోచ్ మాత్రం "మీవాడికి పాసులిచ్చేది ఎవరు, వాళ్లను కూడా తీసుకురాగలరా?" అని ఎదురడిగాడు. అక్కడే ఫీజు కట్టేశాను. మావాడి టీములోంచి ఇంకో ఇద్దరు చేరారు.

ఇక అసలు కోచింగ్. పొద్దునపూట మొదటి అరగంట లిఫ్టర్‌ని పక్కన కూర్చోబెట్టి పాసులిచ్చేవాళ్లకే పని. మావాడికి మొదట్లో కోపమొచ్చింది, డబ్బు కట్టింది నేను, ఆడేది వాళ్లు అని. నాకైతే ఇదే నచ్చింది. తర్వాత లిఫ్టర్‌కి కావాలనే చెడ్డ బంతులు వేస్తారు, నెట్‌కి మూడు మీటర్ల దూరంలో, మోకాళ్ల ఎత్తులో, వెనక్కి. బంతి గాల్లో ఉండగా నెట్ అవతల నిలబడ్డ కోచ్ వేళ్లు చూపిస్తాడు, ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పి ఆ తర్వాతే బంతి ముట్టుకోవాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, మొదటి మూడు రోజులు మావాడు సగం తప్పు చెప్పాడు. బంతి తప్ప ఇంకేమీ కనపడేది కాదట వాడికి. రెండో వారానికి అవతల నెట్ దగ్గర అడ్డుకునే బ్లాకర్లు ఎటు జరుగుతున్నారో కంటి చివరతో పట్టుకోవడం వచ్చింది, అప్పటి నుంచి కుడివైపుకి, వెనక్కి కూడా ఎత్తడం మొదలైంది.

సాయంత్రం ఆఖరి అరగంట రోజూ ఒకటే ఆట: అయిదో సెట్, స్కోరు 12-13, లిఫ్టర్ ఉన్న జట్టే వెనకబడి ఉంటుంది. ఓడినవాళ్లు కోర్టు తడపాలి, నెట్ విప్పాలి. మిగతా పిల్లలు గీత అంచునే నిలబడి అరవచ్చు, డబ్బాలు కొట్టచ్చు, పేరు పెట్టి వెక్కిరించచ్చు. 28 రోజుల్లో కనీసం ఇరవైసార్లు వాడు ఆ 12-13లో నిలబడ్డాడు. తప్పు జరిగాక ఏం చేయాలో కూడా ఖాయం చేశారు: చేతులు నిక్కరుకి తుడుచుకో, ఊపిరి నిదానంగా బయటికి వదులు, తర్వాతి బంతి ఎవరికో నోటితో చెప్పు. అంతే. "ధైర్యంగా ఉండు" అని ఎవరూ అనరు. సర్వీసుకి విజిల్ పడ్డాక ఎనిమిది సెకన్లు ఉంటాయి కదా, ఈ పనులన్నీ ఆ లోపలే అయిపోతాయి.

నాకిది వెంటనే ఎక్కడానికి కారణముంది. మాకు ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి. అర్ధరాత్రి రెండింటికి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ కూడా అందుకోకపోతే ఎట్టుంటుందో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. మొదటిసారి టార్చి పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ ఊరికే పరిగెత్తాను, ఏం చేశానో నాకే గుర్తు లేదు. ఆ పంట తర్వాత షెడ్డు గోడకి ఒక కాగితం అంటించాను: ముందు డీజిల్ వాల్వు, తర్వాత బ్యాటరీ వైర్లు, తర్వాత పక్క గుంట ఆయనకి ఫోను. ఇప్పటికీ గుండె దడ తగ్గలేదు, కానీ కాళ్లు డీజిల్ వాల్వు దగ్గరికి వాటంతటవే పోతాయి.

ఇప్పుడు ఆదివారం క్లాసు. ప్రొజెక్టర్, సింహం కథ, గొర్రెల కథ, తర్వాత అందరూ లేచి నిలబడి "నేను గెలుస్తాను" అని పదిసార్లు అరవాలి. కళ్లు మూసుకుని కప్పు ఎత్తుతున్నట్టు ఊహించుకోవాలట. మావాడు ఇంటికొచ్చి, "నాన్నా, ఆయన అరిచి అరిచి నాకు లేని టెన్షన్ తెప్పించాడు" అన్నాడు. రెండు వారాలు చూసి మానిపించాను. మిగతా డబ్బు అడిగితే ఇవ్వం అన్నారు, రసీదు మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసుందట. 1,500 పోయినట్టే. ఆ డబ్బుతో చాపల పులుసు భోజనం ఇంటిల్లిపాదీ రెండుసార్లు తినొచ్చు.

ఇంకో గొడవ కూడా జరిగింది. మూడో వారంలో ఒక అసిస్టెంట్, చిన్న వయసు, అందరి ముందు మావాణ్ణి "పిరికోడా" అన్నాడు. రెండు రోజులు మావాడు దుప్పటి తియ్యలేదు. నేను పోయి పెద్ద కోచ్‌తో గట్టిగానే మాట్లాడాను. ఆయన ఆ అసిస్టెంట్‌ని మావాడి బ్యాచ్ నుంచి మార్చాడు, ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఒక మాట చెబితే ఏమీ అనుకోరు కదా సార్, మీరు కూడా గీత పక్కన నిలబడి ప్రతి బంతికీ అరుస్తున్నారు, రేపటి నుంచి గేటు బయట ఉండండి" అన్నాడు. నాకు మొహం ఎర్రబడింది. కానీ ఆయన చెప్పింది నిజమే. ఫిబ్రవరిలో ఆ 13-13 దగ్గర అందరికంటే గట్టిగా అరిచింది నేనే. వారం రోజులు గేటు బయట బండి మీద కూర్చుని టీ తాగుతూ గడిపాను. మావాడి ఆట బాగుపడింది ఆ వారంలోనే, ఇది రాయడానికి మనసొప్పట్లేదు గానీ రాయాలి.

ఫలితం ఏంటని అడుగుతారు. జూన్‌లో కావలి దగ్గర ఊళ్లో టోర్నమెంట్, రాత్రి లైట్ల కింద. సెమీస్‌లో అయిదో సెట్, మళ్లీ 13-13. నేను జనం వెనకాల, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. మొదటి పాస్ చెత్తగా వచ్చింది, వాడు పరిగెత్తి వెనక్కి తిరక్కుండానే కుడి చివరికి ఎత్తాడు, అక్కడ బ్లాక్ లేదు. 14-13. తర్వాత మూడు పాయింట్లు వరసగా పోయి ఓడిపోయారు, అందులో ఒకటి మావాడి తప్పే. కానీ తప్పయ్యాక నిక్కరుకి చేతులు తుడుచుకుని, తర్వాతి బంతి ఎవరికో అరిచి చెప్పాడు. బండి మీద ఇంటికొస్తూ, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి, ఆట గురించి వాడే మాట మొదలుపెట్టాడు. కోవూరు దాటేదాకా ఆపలేదు.

పంపాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. తాగే నీళ్లు ఇంటి నుంచే పంపండి, అక్కడి క్యాను మధ్యాహ్నానికే ఖాళీ. మోకాలి ప్యాడ్లు వాళ్ల దగ్గర కొనొద్దు, బయట తక్కువకి దొరుకుతాయి. ఒక్క లిఫ్టర్‌నే పంపకుండా పాసులిచ్చేవాళ్లలో ఒకరినైనా కలిపి పంపండి. అయిదుకి మూడున్నర ఇస్తాను, వెలగని లైటుకి, ఆ అసిస్టెంట్‌కి, ఆదివారానికి కలిపి ఒకటిన్నర కోత. దసరా సెలవుల బ్యాచ్‌కి మావాడు మళ్లీ పోతానంటున్నాడు, 1,500 క్లాసు వద్దని ముందే రాయించుకుని కడతాను.