టేసా, టేరా? లివర్ గడ్డకు రెండు దారులు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో లివర్ క్యాన్సర్ రిపోర్టు చేతికొచ్చాక ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టే పేర్లివి: టేస్ (TACE) అంటే గడ్డ ధమనిలోకి కీమో మందు ఎక్కించి దాన్ని మూసేయడం, టేర్ (TARE) అంటే అదే దారిలో రేడియేషన్ పూసలు పంపడం. రెండింటికీ ఆధారం ఒకటే. లివర్‌కు సుమారు ముప్పాతిక వంతు రక్తం పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే సిర) నుంచి వస్తుంది, గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీదే బతుకుతుంది. అందుకే తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పంపి, గడ్డకు వెళ్లే ధమని కొమ్మనే పట్టుకుంటారు.

టేస్‌లో డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందు ఎక్కించి ఆ కొమ్మను మూసేస్తారు. మందు అక్కడే నిలుస్తుంది, గడ్డకు రక్తం ఆగుతుంది. తగిన రోగుల్లో దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని 2002లో వెలువడిన బార్సిలోనా, హాంకాంగ్ పరీక్షలు చూపాయి. తర్వాత కొన్ని రోజులు జ్వరం, కడుపునొప్పి, వికారం మామూలే. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి తీరాలి, లేకపోతే అర్ధరాత్రి జ్వరం చూసి హడలిపోతారు.

టేర్‌లో వాడేవి ఇట్రియం-90 నింపిన సూక్ష్మ పూసలు. వాటి రేడియేషన్ కొన్ని మిల్లీమీటర్ల దూరమే పోతుంది, 64 గంటల్లో సగమవుతుంది. ధమని పెద్దగా మూసుకుపోదు కాబట్టి, గడ్డ పోర్టల్ సిరలోకి పాకినవారిలో కొందరికీ చేయవచ్చు. కాకపోతే పూసలు ఊపిరితిత్తుల్లోకి జారతాయేమో చూసే పరీక్ష ముందే చేయాలి. ఖర్చు కూడా బాగా ఎక్కువ.

పోర్టల్ సిర బాగుంటే నేనైతే ముందు టేస్ గురించే అడుగుతాను. కామెర్లు ముదిరి ఉంటే మాత్రం రెండూ ప్రమాదమే.